మతిమరపు అమ్మదా, మందులదా?

ఏడాది క్రితం వరకు ఇంటి లెక్కలన్నీ నోటితోనే చెప్పిన అమ్మ, ఇప్పుడు పొద్దున ఏం తిన్నదో చెప్పలేకపోతోంది. సాయంత్రం అయ్యేసరికి ‘మన ఇంటికి పోదాం పదండి’ అంటూ చెప్పులు వేసుకుంటోంది. రాత్రి లేచి, గోడ దగ్గర ఎవరో నిలబడ్డారంటోంది. పెద్ద వయసు వచ్చాక అంతేనని ఇరుగుపొరుగు అంటున్నారు. డిమెన్షియా కావచ్చని డాక్టరు అనుమానిస్తున్నారు. కొడుకు చేతిలోకి మరో మందుల చీటీ, మరో రెండు రకాల గోలీలు వచ్చాయి. వాటిని మొదలుపెట్టిన పది రోజులకు అమ్మ మరింత మగతగా, మరింత తికమకగా ఉంది. ఇది జబ్బు ముదరడమా, మందు పడకపోవడమా?

గుజరాత్‌లోని సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి మరమగ్గాల పని కోసం వలస వెళ్లిన పద్మశాలీలు వీరిలో ఎక్కువ. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే అక్కడి తెలుగువారి సంఖ్యను అర్థం చేసుకోవచ్చు. తొలితరంలో వెళ్లిన నేతకార్మికులు, వారి భార్యలు ఇప్పుడు వృద్ధులయ్యారు. కొడుకులు పన్నెండు గంటల షిఫ్టుల్లో మగ్గాల దగ్గర ఉంటే, పెద్దల గోలీల వేళలు చూసేది సాధారణంగా కోడళ్లు, కూతుళ్లు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది మాత్రం సెలవు దొరికిన కొడుకు. అంటే మార్పును కళ్లారా చూసే మనిషి ఒకరు, దాన్ని డాక్టరుకు చెప్పే మనిషి ఇంకొకరు. పైగా సగం మందులు సూరత్ డాక్టరు రాసినవి, సగం సొంతూరికి వెళ్లినప్పుడు అక్కడి డాక్టరు రాసినవి. మందుల వల్ల వచ్చే మతిమరపు ఎవరి కంటా పడకుండా దాక్కోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

ఒక గోలీ వెంట మరో గోలీ

ఇలాంటి ఇంట్లో ఉన్న అరవై ఎనిమిదేళ్ల తల్లిని ఊహించుకుందాం. ఆమెకు రక్తపోటు ఉంది. ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. మంచి మందే. అయితే కొందరిలో దాని వల్ల పాదాలు వాస్తాయి. ఆ వాపు శరీరంలో నీరు ఎక్కువై వచ్చేది కాదు. సన్నటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి, ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరడం వల్ల వస్తుంది. ఆ సంగతి గుర్తించకపోతే వాపు తగ్గడానికి మూత్రం ఎక్కువగా పోయే మందు రాస్తారు. దాంతో ఆమె గంటకోసారి బాత్‌రూమ్‌కు పరుగెత్తాలి. ఒక్కోసారి దారిలోనే చీర తడిసిపోతుంది. సిగ్గుతో ఎవరికీ చెప్పదు. చెప్పినప్పుడు మూత్రం ఆపుకోవడానికి ఆక్సీబ్యుటినిన్ వంటి గోలీ చేరుతుంది. అది వేసుకున్నాక నోరు ఎండిపోతుంది, మలబద్ధకం వస్తుంది, మాట మధ్యలో మరచిపోతుంది, రాత్రి నిద్ర పట్టదు. నిద్రకు ఆల్ప్రజోలామ్ తోడవుతుంది. ఈలోగా జలుబు చేస్తే, మందుల షాపులో అడిగి తెచ్చిన జలుబు గోలీ ఇంకొకటి.

రక్తపోటుతో మొదలై, ఇప్పుడు ఆమె సంచిలో ఐదు మందులు ఉన్నాయి. వాటిలో మూడింటికి మతిమరపు, తికమక తెచ్చే గుణం ఉంది. ఈ స్థితిలో జ్ఞాపకశక్తి పరీక్ష చేస్తే మార్కులు తప్పకుండా తగ్గుతాయి.

ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బుగా పొరబడి, దానికి ఇంకో మందు రాయడాన్ని పౌలా రోషన్, జెర్రీ గుర్విట్జ్ అనే వైద్య పరిశోధకులు 1990లలో ‘ప్రిస్క్రైబింగ్ కాస్కేడ్’ అన్నారు. తెలుగులో మందుల గొలుసు అనుకోవచ్చు. ఈ గొలుసులో ఏ డాక్టరూ పెద్ద తప్పు చేసినట్టు కనిపించదు. ప్రతి ఒక్కరూ ఎదురుగా ఉన్న బాధకు మందు ఇచ్చారు. గొలుసు మొత్తం ఒకేసారి చూసే అవకాశం మాత్రం ఎవరికీ రాలేదు.

ఉమ్మెత్త చెప్పే రహస్యం

ఉమ్మెత్త కాయ తింటే మనిషికి మతి చలిస్తుందని పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నోరు ఎండిపోవడం, కంటిపాపలు పెద్దవై చూపు మసకబారడం, గుండె వేగంగా కొట్టుకోవడం, మూత్రం బిగదీసుకుపోవడం, లేనివాళ్లు కనిపించడం దాని లక్షణాలు. ఉమ్మెత్తలో ఉండే ఎట్రోపిన్, స్కోపోలమిన్ అనే రసాయనాలు శరీరంలో ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకోవడమే ఇందుకు కారణం.

ఎసిటైల్‌కోలిన్ అనేది ఒక నాడీకణం నుంచి మరో కణానికి సందేశం చేరవేసే రసాయనం. నాడులు రసాయనాల ద్వారా సందేశాలు పంపుతాయని ఒట్టో లోవీ 1921లో కప్ప గుండెలపై చేసిన ప్రయోగంతో నిరూపించారు. ఆ రసాయనం ఎసిటైల్‌కోలినే అని తర్వాత తేలింది. ఇందుకు ఆయనకు, హెన్రీ డేల్‌కు కలిపి 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. పేగుల కదలిక, మూత్రాశయం, లాలాజలం ఈ రసాయనం మీద ఆధారపడతాయి. మెదడులో ఏకాగ్రతకు, కొత్త విషయాలు గుర్తుపెట్టుకోవడానికి కూడా ఇదే కావాలి. అల్జీమర్స్ వ్యాధిలో దెబ్బతినే కణాల్లో ఎసిటైల్‌కోలిన్ తయారుచేసేవి ముఖ్యమైనవి.

మనం రోజూ చూసే ఎన్నో మందులు తక్కువ మోతాదులో ఇదే అడ్డు పెడతాయి. జలుబు, దురద మందుల్లోని క్లోర్‌ఫెనిరమైన్, హైడ్రాక్సిజిన్. కడుపునొప్పికి వాడే డైసైక్లోమిన్. నరాల నొప్పికి, నిద్రకు రాసే ఎమిట్రిప్టిలిన్. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్. మూత్రం ఆపుకోలేని సమస్యకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ ఈ కోవలోవే. వైద్యులు వీటిని యాంటీకోలినెర్జిక్ మందులంటారు. ముప్పై ఏళ్ల మనిషికి ఒక జలుబు గోలీ వల్ల కాస్త మగత తప్ప ఏమీ కాకపోవచ్చు. ఎసిటైల్‌కోలిన్ నిల్వలు ఇప్పటికే తరిగిన ముసలి మెదడులో అదే గోలీ రాత్రంతా కలవరింతలు తేగలదు. రెండు మూడు ఇలాంటి మందులు కలిస్తే వాటి భారం కూడా కలుస్తుంది.

వృద్ధులకు వీలైనంత వరకు ఇవ్వకూడని మందుల జాబితాను అమెరికన్ వైద్యుడు మార్క్ బీర్స్ 1991లో తొలిసారి రూపొందించారు. ఆయన పేరుతోనే పిలిచే ఆ జాబితాను అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2023లో మళ్లీ సవరించింది. పైన చెప్పిన మందులు అందులో ఉన్నాయి.

దీర్ఘకాలం వాడితే ఏమవుతుందన్న ప్రశ్న కూడా ఉంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 3,434 మందిని సగటున ఏడేళ్లకు పైగా గమనించిన అధ్యయనం 2015లో వెలువడింది. బలమైన యాంటీకోలినెర్జిక్ మందులు ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడినవారిలో డిమెన్షియా ఎక్కువగా కనిపించిందని అది తేల్చింది. మందులే కారణమని దీంతో నిర్ధారణ అయినట్టు కాదు. డిమెన్షియా తొలి లక్షణాలైన నిద్రలేమికీ దిగులుకూ ఆ మందులు రాసి ఉండవచ్చు. అయినా అవసరం తీరిన మందును ఏళ్ల తరబడి సాగదీయకూడదని చెప్పడానికి ఇది చాలు.

వయసుతో మారే మోతాదు

ఒకే గోలీ కొడుకు ఒంట్లో ఒకలా, తల్లి ఒంట్లో ఇంకోలా పనిచేస్తుంది. వయసుతో మూత్రపిండాల వడపోత తగ్గుతుంది. కాలేయం మందును విరగ్గొట్టే వేగం తగ్గుతుంది. కండ తగ్గి కొవ్వు వాటా పెరగడంతో కొవ్వులో కరిగే మందులు ఒంట్లో ఎక్కువ కాలం నిలిచిపోతాయి. డయజెపామ్ అనే నిద్రమందునే చూడండి. రక్తంలో దాని పరిమాణం సగానికి తగ్గడానికి ఇరవై ఏళ్ల వ్యక్తిలో సుమారు 20 గంటలు పడితే, ఎనభై ఏళ్ల వ్యక్తిలో సుమారు 90 గంటలు పడుతుంది. అంటే నిన్నటి గోలీ పని పూర్తికాకముందే నేటి గోలీ లోపలికి వెళ్తుంది. వారం తిరిగేసరికి ఆమె పగలంతా తూలుతూ నడుస్తుంది. చాలా ఇళ్లలో తుంటి ఎముక విరిగే ప్రమాదం ఇలాగే మొదలవుతుంది.

మెదడును పరోక్షంగా దెబ్బతీసే మందులు కూడా ఉన్నాయి. మూత్రం పోయే కొన్ని మందులు, కొన్ని దిగులు మందులు రక్తంలో సోడియం తగ్గిస్తాయి. సూరత్ ఎండల్లో నీళ్లు సరిగా తాగని వృద్ధురాలికి ఈ ముప్పు ఇంకా ఎక్కువ. సోడియం బాగా పడిపోతే అయోమయం, మగత, ఫిట్స్ రావచ్చు. గ్లిబెన్‌క్లమైడ్ వంటి మధుమేహ మందులు చక్కెరను మరీ తగ్గించి, ఉన్నట్టుండి పొంతనలేని మాటలు మాట్లాడిస్తాయి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు. దానికీ మతిమరపు ఒక లక్షణమే. కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వేసుకునే సినరిజిన్, ఫ్లూనరిజిన్ వృద్ధుల్లో పార్కిన్సన్స్ వ్యాధిని పోలిన బిగుతును, వణుకును తేగలవు.

అనుమానానికి, నిర్ధారణకు మధ్య

భారతదేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అంచనా. కాబట్టి అనుమానం నిజమయ్యే అవకాశం తక్కువేమీ కాదు. దాన్ని నిర్ధారించే ముందు మాత్రం కొన్ని సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది వేగం. అల్జీమర్స్ నెలలు, ఏళ్ల మీద మెల్లగా పెరుగుతుంది. మొన్నటిదాకా బాగున్న మనిషి రెండు రోజుల్లో తికమకపడితే, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉంటే దాన్ని డెలీరియం అంటారు. కొత్త మందు, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం దీనికి సాధారణ కారణాలు. డిమెన్షియా ఉన్నవారికి డెలీరియం ఇంకా తేలిగ్గా వస్తుంది. ఇది అత్యవసర స్థితి. ‘జబ్బు ముదిరింది’ అనుకుని ఇంట్లో ఊరుకోకూడదు.

రెండోది భాష. జీవితమంతా తెలుగులో ఆలోచించిన మనిషిని గుజరాతీలోనో హిందీలోనో ప్రశ్నలడిగితే వచ్చే మార్కులు ఆమె జ్ఞాపకశక్తికి కొలత కావు. భారత వైద్య పరిశోధన మండలి రూపొందించిన మెదడు పనితీరు పరీక్షల సంపుటి హిందీ, బెంగాలీ, కన్నడ, మలయాళాలతో పాటు తెలుగులో కూడా ఉంది. అది సిద్ధంగా లేనిచోట కనీసం తెలుగు తెలిసిన మనిషి పక్కన ఉండి, జవాబులు తాను అందించకుండా ప్రశ్నలను మాత్రం తెలుగులో చెప్పాలి.

మూడోది వినికిడి. మరమగ్గాల షెడ్డులో మాట వినపడాలంటే చెవి దగ్గర అరవాలి. దశాబ్దాలు అక్కడ గడిపినవారికి చెవుడు సహజం. ప్రశ్న వినపడనివారికి, జవాబు మరచినవారికి తేడా తెలుసుకోవాలి. చెవుడు డిమెన్షియా ముప్పును కూడా పెంచుతుందని 2024 నాటి లాన్సెట్ కమిషన్ నివేదిక మరోసారి చెప్పింది.

నాలుగోది రక్త పరీక్షలు. థైరాయిడ్, బి12, సోడియం, చక్కెర, మూత్రపిండాల పనితీరు చూడాలి. ఇవేవీ ఖరీదైన స్కానింగులు కావు. సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థ నడిపే స్మిమేర్ వంటి ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చేయించుకోవచ్చు.

డిమెన్షియా మందుల దుష్ఫలితాలు

నిర్ధారణ అయ్యాక ఎక్కువగా రాసే మందు డోనెపెజిల్. జపాన్‌లోని ఐసాయ్ కంపెనీలో హచిరో సుగిమోటో బృందం దాన్ని తయారుచేసింది. ఆయన తల్లి కూడా డిమెన్షియాతో బాధపడ్డారు. 1996లో అమెరికాలో అనుమతి పొందిన ఈ మందు ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును అడ్డుకుని, ఉన్న కాస్త రసాయనం ఎక్కువసేపు నిలిచేలా చేస్తుంది. వ్యాధిని ఆపదు. కొందరిలో కొంతకాలం జ్ఞాపకశక్తిని, రోజువారీ పనులను నిలబెడుతుంది.

శరీరమంతా ఎసిటైల్‌కోలిన్ పెరగడం వల్ల దుష్ఫలితాలు కూడా వస్తాయి. వికారం, విరేచనాలు, ఆకలి తగ్గి బరువు పడిపోవడం మామూలుగా కనిపించేవి. అందుకే 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఆరు వారాలు చూశాకే 10కి పెంచుతారు. రాత్రి వేసుకుంటే పీడకలలు వచ్చేవారికి డాక్టరును అడిగి వేళను పొద్దుటికి మార్చుకుంటే సరిపోతుంది. నాడి బాగా నెమ్మదించడం, కళ్లు బైర్లు కమ్మి పడిపోవడం మాత్రం తేలికగా తీసుకోకూడని లక్షణాలు. ఎటెనొలాల్, మెటొప్రొలాల్ వంటి గుండె మందులు లేదా గ్లకోమాకు వేసే టిమొలాల్ కంటిచుక్కలు వాడేవారిలో ఈ ముప్పు ఎక్కువ. కంటిచుక్కలు కూడా మందేనని డాక్టరుకు చెప్పడం చాలామంది మరచిపోతారు.

రివాస్టిగ్మిన్‌ను చర్మంపై అంటించే పట్టీగా ఇస్తే వికారం తక్కువ. అయితే పాత పట్టీ తీయకుండా కొత్తది అంటిస్తే మోతాదు రెట్టింపై ప్రమాదం. పట్టీ పీకిన చోటే మళ్లీ అంటిస్తే దద్దుర్లు వస్తాయి. మెమాంటిన్‌తో తలతిరుగుడు, తలనొప్పి, మలబద్ధకం రావచ్చు. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే దాని మోతాదు తగ్గించాలి.

మొదట చెప్పుకున్న తల్లి దగ్గరికి తిరిగి వస్తే, ఆమెకు డోనెపెజిల్ మొదలుపెట్టారనుకుందాం. సంచిలో ఆక్సీబ్యుటినిన్ అలాగే ఉంది. ఒకటి ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, ఇంకొకటి దాని పనిని అడ్డుకుంటుంది. బండికి రెండు వైపులా ఎడ్లు కట్టినట్టే. కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనం ఈ పరిస్థితి అరుదు కాదని 2005లో చూపింది. డోనెపెజిల్ వంటి మందులు మొదలుపెట్టిన డిమెన్షియా రోగులకు, వాటి వల్ల మూత్రం ఆగకపోవడం వచ్చి, దానికి యాంటీకోలినెర్జిక్ మందు రాసే అవకాశం ఎక్కువని తేలింది.

కలవరానికి గోలీ ఇచ్చే ముందు

రాత్రుళ్లు అరవడం, కొట్టబోవడం, అనుమానించడం ఇంటివారిని ఎక్కువగా కుంగదీస్తాయి. పగలంతా మగ్గం దగ్గర నిలబడి వచ్చిన కొడుకు రాత్రి నిద్ర లేక అల్లాడుతుంటే ‘ఏదో ఒకటి ఇవ్వండి డాక్టర్ గారూ’ అని అడగడంలో తప్పు లేదు. అప్పుడు రాసేవి రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, హాలోపెరిడాల్ వంటి యాంటీసైకోటిక్ మందులు.

ఈ మందుల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005 ఏప్రిల్‌లో తీవ్ర హెచ్చరిక జారీ చేసింది. డిమెన్షియా ఉన్న వృద్ధులపై జరిగిన 17 పరీక్షలను కలిపి చూస్తే, సుమారు పది వారాల్లో మందు వాడినవారిలో 4.5 శాతం, ఉత్తుత్తి గోలీ వాడినవారిలో 2.6 శాతం చనిపోయారు. మరణాల్లో ఎక్కువ గుండె సమస్యలు, న్యుమోనియా వంటి ఇన్ఫెక్షన్ల వల్లే. పాతతరం మందులకు కూడా ఈ హెచ్చరికను 2008లో వర్తింపజేశారు. లేనివి స్పష్టంగా కనిపించడం, వణుకు, రోజురోజుకూ మారే తెలివి కలిసి ఉంటే అది లెవీ బాడీ డిమెన్షియా కావచ్చు. ఆ జబ్బున్నవారిలో ఈ మందులు ఒంటిని ఒక్కసారిగా బిగదీయగలవు, ప్రాణం మీదికి తేగలవు.

అంటే ఎప్పుడూ వాడకూడదని కాదు. తనకో ఇతరులకో హాని జరిగే స్థితిలో, తక్కువ మోతాదులో, తక్కువ కాలం వాడవలసి రావచ్చు. మేలు కనిపించినా నాలుగు నెలల లోపు మోతాదు తగ్గించి చూడాలని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘ఇది ఎందుకు, ఎంతకాలం, ఎప్పుడు తగ్గించి చూస్తారు?’ అని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. అంతకన్నా ముందు నొప్పి, మలబద్ధకం, మూత్రంలో మంట, ఆకలి, భయం ఉన్నాయేమో చూడాలి. చెప్పలేని బాధ అరుపుగా బయటపడవచ్చు.

సంచి కుమ్మరించి చూస్తే

ఇంటివాళ్లు చేయగల అతి ముఖ్యమైన పనికి చదువు, డబ్బు పెద్దగా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒకే సంచిలో వేసి డాక్టరు ముందు కుమ్మరించాలి. సూరత్‌లో రాసినవి, ఊళ్లో రాసినవి, షాపులో అడిగి తెచ్చినవి, కంటిచుక్కలు, ఆయుర్వేద లేహ్యాలు, నాటు మందులు, పక్కింటామె ఇచ్చిన గోలీ కూడా అందులో ఉండాలి. రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో ఒకే మందు ఉండటం ఇలా చూసినప్పుడే బయటపడుతుంది. షీటు మీద కంపెనీ పేరుతో పాటు ఉండే అసలు మందు పేరును పోల్చి చూస్తే ఇంట్లోవారే దీన్ని పట్టుకోవచ్చు.

రెండోది ఒక నోటుబుక్కు. అందులో నాలుగు గళ్లు చాలు: మందు పేరు, ఎందుకు రాశారు, ఏ తేదీన మొదలుపెట్టారు లేదా మోతాదు మార్చారు, ఆ తర్వాత ఏం మారింది. చివరి గడి రాయవలసింది రోజంతా పక్కన ఉండే మనిషి. ‘మంగళవారం రాత్రి రెండుసార్లు లేచింది, గోడ దగ్గర మనుషులున్నారంది, మూడు రోజులుగా విరేచనం లేదు’ వంటి మామూలు మాటలు చాలు. డాక్టరుకు అవి స్కానింగు కన్నా ఎక్కువ పనికొస్తాయి, ఎందుకంటే మందుకు, మార్పుకు మధ్య ఉన్న సంబంధం తేదీల్లోనే దొరుకుతుంది. వీలైతే ఆ కోడలో కూతురో డాక్టరు దగ్గరికి కూడా రావాలి. రాలేకపోతే ఫోనులోనైనా మాట్లాడాలి.

మూడోది, గోలీల వేళలు చూసే బాధ్యత ఒకరికే ఉండటం. వేసుకున్నది మరచి మళ్లీ వేసుకోవడం మతిమరపు ఉన్నవారిలో మామూలు. వారం గళ్ల డబ్బాలో సర్ది, మిగతా షీట్లను ఆమెకు అందనిచోట పెట్టాలి.

మందు మీద అనుమానం వచ్చింది కదా అని సొంతంగా ఆపేయకూడదు. ఆల్ప్రజోలామ్‌ను నెలల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే వణుకు, విపరీతమైన కలవరం, ఫిట్స్ వస్తాయి. బీపీ, గుండె, ఫిట్స్, పార్కిన్సన్స్ మందులకు కూడా హఠాత్తుగా ఆపడం ప్రమాదమే. ఒకసారికి ఒక మందునే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గిస్తూ, మార్పును నోటుబుక్కులో రాసుకుంటూ పోవాలి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది మేలు చేసిందో తెలియదు. ఆల్ప్రజోలామ్, డయజెపామ్ వంటివి దేశంలో 2014 మార్చి నుంచి హెచ్1 షెడ్యూల్ కింద ఉన్నాయి. వీటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు వివరాలు రిజిస్టరులో రాయాలి. పాత చీటీతో అదే మందు మళ్లీ మళ్లీ తెచ్చుకోవడం అలవాటైన ఇళ్లు ఈ నియమం ఎందుకు పెట్టారో ఆలోచించాలి.

కింద పడిపోవడం, స్పృహ తప్పడం, ముఖం వాచి ఊపిరాడకపోవడం, ఉన్నట్టుండి అయోమయం, జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోవడం కనిపిస్తే నోటుబుక్కు కోసం ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మందుల సంచి మాత్రం వెంట ఉండాలి.

మందు దుష్ఫలితం అని అనుమానం ఉంటే రోగి కుటుంబం కూడా ప్రభుత్వానికి తెలియజేయవచ్చు. 2010లో మొదలైన భారత ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ ఆధ్వర్యంలో నడుస్తోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. రోగులు నింపే పత్రం తెలుగు, గుజరాతీ సహా పలు భారతీయ భాషల్లో ఉంది. వృద్ధుల సహాయానికి ఎల్డర్‌లైన్ 14567, ఇంట్లో చూసుకునేవారి మనోవేదనకు టెలీ మానస్ 14416 నంబర్లకు ఫోను చేయవచ్చు.

మిగిలేది ఏమిటి?

ఊహించుకున్న ఆ తల్లి సంచిని ఒక డాక్టరు ఓపికగా చూశారనుకుందాం. రక్తపోటు మందు మార్చారు. వాపు తగ్గాక మూత్రం మందు అక్కర్లేకపోయింది. దాంతో ఆక్సీబ్యుటినిన్ కూడా వెళ్లిపోయింది. జలుబు గోలీ ఇంట్లోంచి పోయింది. ఆల్ప్రజోలామ్‌ను వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించారు. రెండు నెలలకు ఆమె నోరు ఎండటం లేదు, గోడ దగ్గర మనుషులు లేరు, మనవరాలి బడి సంగతులు అడుగుతోంది. కానీ అదే ప్రశ్న పావుగంటకు మళ్లీ అడుగుతోంది.

ఇక్కడ నిజాయితీ అవసరం. మందులు సరిచేస్తే పూర్తిగా మామూలయ్యేవారు కొద్దిమందే. చాలామందిలో మందుల మబ్బు తొలగాక, దాని కింద నిజమైన డిమెన్షియా ఉన్నట్టు తేలుతుంది. అప్పుడు కూడా ఆ శ్రమ వృథా కాదు. ఇప్పుడు చేసే పరీక్ష ఆమె మెదడును కొలుస్తుంది, గోలీలను కాదు. డోనెపెజిల్‌కు ఎదురుపడే మందు లేదు కాబట్టి దాని మేలెంతో తెలుస్తుంది. పడిపోయే ముప్పు తగ్గింది. చీర తడిసిందన్న సిగ్గుతో గదిలో దాక్కోవలసిన అవసరం లేదు.

ఆ ఇంట్లో కోడలు ఇప్పటికీ నోటుబుక్కు రాస్తోంది. వచ్చే నెల ఊరికి వెళ్లేటప్పుడు అది కూడా సంచిలోనే ఉంటుంది, అక్కడి డాక్టరు కొత్త గోలీ రాసే ముందు చూపించడానికి.